పనివాని గడప తొక్కిన యజమాని
(జార్జి కాడ్‌బరీ జీవితము)

చదువవలసిన వాక్యభాగములు: లూకా 7:1–10, ద్వితీయోపదేశకాండము 22:8, 24:14–15, యాకోబు 5:1–6



కపెర్నహూములో నున్న శతాధిపతి కథ మనమందరము ఎరిగినదే. అతని విశ్వాసమును గూర్చి ఎన్నో ప్రసంగములు వినియున్నాము. అయితే ఆ విశ్వాసము ఎవరి నిమిత్తము బయలుపడినదో ఒకసారి ఆలోచించుడి. అతడు తన కుమారుని కొరకు గాని, తన భార్య కొరకు గాని ప్రభువునకు కబురు పంపలేదు. తన యింట పనిచేయు దాసుడు మరణావస్థలో నుండగా, వాని కొరకు పెద్దలను బ్రతిమాలెను. ఆ కాలమున దాసుడు చనిపోయినచో మరియొకని కొనుట యజమానులకు వాడుక. ఈ యజమాని అట్లు తలంచలేదు. పనివాని రోగము తన రోగమే యనుకొనెను.

ఈ నెల మీ ముందుంచు జీవితము అట్టి యజమాని యొకనిది. ఆయన పేరు జార్జి కాడ్‌బరీ. మన పిల్లలు పండుగలకును పుట్టినదినములకును కొని తిను చాక్లెట్ల మీద ఈ యింటిపేరు చూచుచునే యుందురు. ఆ పేరు వెనుక నున్న మనుష్యుని కథ తెలిసినవారు కొద్దిమంది. ఆయన చేసిన మేలును చెప్పెదను. ఆయన ఆలస్యము చేసిన సంగతిని కూడ దాచక చెప్పెదను. ఏలయనగా మనము నేర్చుకొనవలసినది ఆ రెంటిలోను ఉన్నది.

వర్తకుని యింట పుట్టుక

జార్జి కాడ్‌బరీ 1839వ సంవత్సరము సెప్టెంబరు 19న ఇంగ్లండు దేశమందలి బర్మింగ్‌హామ్ పట్టణములో జన్మించెను. తండ్రి జాన్ కాడ్‌బరీ, తల్లి కాండియా. వారు క్వేకరులు, అనగా మిత్రుల సమాజమునకు చెందినవారు. వీరు యుద్ధము చేయరు, ఒట్టు పెట్టుకొనరు. ఆరాధన కూడికలలో ఆత్మ ప్రేరేపించు వరకు మౌనముగా కూర్చుందురు. వస్త్రములందును మాటయందును ఆడంబరము లేనివారు. ఆ కాలమున వీరికి పెద్ద విద్యాలయములలో పట్టములు దొరుకుట దుర్లభముగా నుండెను గనుక వీరిలో అనేకులు వర్తకములో ప్రవేశించిరి. చెప్పిన వెలకే అమ్ముదురని వీరికి మంచి పేరు.

జాన్ కాడ్‌బరీ 1824లో బర్మింగ్‌హామ్ బుల్ వీధిలో చిన్న దుకాణము తెరచి తేయాకు, కాఫీ, కోకో అమ్మసాగెను. సారాయి వలన బీదల కాపురములు చెడిపోవుచుండుట చూచి, దానికి బదులు జనులు త్రాగదగిన మంచి పానీయము అమ్మవలెనని ఆయన కోరిక. 1831లో తానే కోకో తయారుచేయుట మొదలుపెట్టెను.

కోకో యనగా నేమో మన గోదావరి జిల్లాల వారికి చెప్పనక్కరలేదు. అక్కడ కొబ్బరి తోటల నీడలో ఈ చెట్లను పెంచుచున్నారు. మాను నంటి కాయలు కాయును. కాయ పగులగొట్టి, గింజలను పులియబెట్టి, ఎండబెట్టి అమ్మెదరు. ఆ గింజలను వేయించి నూరగా వచ్చినదే కోకో.

మునిగిపోవుచున్న వ్యాపారము

1855లో తల్లి కన్నుమూసెను. ఆ దుఃఖముతో తండ్రి ఆరోగ్యము చెడెను, వ్యాపారము చితికెను. 1861లో పెద్దవాడైన రిచర్డును, ఇరువది యొక్క ఏండ్ల జార్జియు ఆ భారమును తలకెత్తుకొనిరి. అప్పటికి పనివారు కొద్దిమంది మాత్రమే మిగిలిరి. తల్లివలన సంక్రమించిన సొమ్ము, ఒక్కొక్కరికి 4,000 పౌనుల చొప్పున, అన్నదమ్ములిద్దరు వ్యాపారములో పెట్టిరి. మొదటి సంవత్సరములన్నియు నష్టమే. సొమ్ము కరగిపోవుచుండెను. వ్యాపారము పూర్తిగా పడిపోయినచో హిందూదేశమునకు వచ్చి, హిమాలయ ప్రాంతమున తేయాకు తోట వేసికొనవలెనని కూడ జార్జి తలంచెనట. అయినను అప్పు చేసి నిలువవలెనని వారు చూడలేదు. తమ సొంత ఖర్చులు తగ్గించుకొని, తెల్లవారకముందే పనిలోనికి వచ్చి, పనివారితో కలిసి పాటుపడిరి. 1864 నాటికి కొద్దిపాటి లాభము కనబడెను.

ఆ దినములలో కోకో అని అమ్ముడుపోవు సరుకులో నిజమైన కోకో బహు తక్కువ. కాడ్‌బరీలు అమ్మిన దానిలోను అయిదింట ఒక పాలే కోకో. మిగిలినది బంగాళాదుంప పిండి, సగ్గుబియ్యపు పిండి, బెల్లపు పాకము వంటివి. గింజలోని కొవ్వును విరుచుటకై అందరును అట్లే కలుపుచుండిరి. హాలెండు దేశమున ఆ కొవ్వును పిండి తీయు యంత్రము గలదని విని, జార్జి అక్కడికి పోయి దానిని కొని తెచ్చెను. 1866లో పిండి కలుపని శుద్ధమైన కోకోను వారు అమ్మనారంభించిరి. తరువాత కొన్ని ఏండ్లకు ఆహార పదార్థములలో కల్తీని అరికట్టు చట్టములు ఆ దేశమున వచ్చినవి. కల్తీ లేని సరుకు గలవారు ఆ చట్టములకు భయపడలేదు. వ్యాపారము నిలదొక్కుకొనెను.

బీదతనపు దినములలోనే ఈ అన్నదమ్ములు పనివారి విషయమై కొన్ని అలవాట్లు ఏర్పరచుకొనిరి. ప్రతి ఉదయము పనికి ముందు అందరు కూడి వాక్యము చదివెడివారు. శనివారము మధ్యాహ్నము నుండి సెలవు ఇచ్చిరి; అట్లు ఇచ్చిన మొదటి యజమానులలో వీరొకరు. తీరిక దొరికినప్పుడు పనివారితో కలిసి బంతియాట ఆడిరి. లాభము వచ్చిన తరువాత దయ చూపుదుమని వారు వాయిదా వేయలేదు. ఈ మాట గుర్తుంచుకొనుడి.

ఆదివారపు బడి నేర్పిన పాఠము

జార్జి కాడ్‌బరీకి పనివారి ఆరోగ్యమును గూర్చి ఎవరు నేర్పిరి? ఏ వైద్యుడును నేర్పలేదు, ఏ పుస్తకమును నేర్పలేదు. ఆదివారపు బడి నేర్పినది.

బర్మింగ్‌హామ్ సెవెర్న్ వీధిలో క్వేకరులు పెద్దవారి కొరకు ఒక బడి నడుపుచుండిరి. చిన్నప్పుడు చదువు దక్కని కూలివారు అక్కడ ఆదివారము తెల్లవారుజామున కూడి, వాక్యము చదువుటయు వ్రాయుటయు నేర్చుకొనుచుండిరి. వారిలో త్రాగుబోతులు ఉండిరి, చెరసాల చూచి వచ్చినవారును ఉండిరి. జార్జి ఇరువది ఏండ్ల ప్రాయమున అక్కడ బోధకుడుగా చేరి, సుమారు అర్ధ శతాబ్దము ఆ పని మానలేదు. గొప్ప ధనికుడైన తరువాత కూడ ఆదివారము ఉదయమున ఆ బల్ల యొద్దనే కూర్చుండెను.

బడికి రాని మనిషిని వెదకుచు ఆయన వాని యింటికి పోవును. అక్కడ ఆయన చూచినదేమి? బర్మింగ్‌హామ్‌లో కూలివారి యిండ్లు ఒకదాని వీపునకు మరియొకటి ఆనించి కట్టబడి యుండెను. వెనుక కిటికీ లేదు, గాలి పోవు దారి లేదు. కొన్ని యిండ్లకు కలిపి ఒకే ముంగిలి, ఒకే నీళ్ల పంపు, ఒకే మరుగుదొడ్డి. పొగ గొట్టముల మసి బట్టల మీదను అన్నము మీదను పడుచుండెను. అట్టి గదిలో దగ్గు జబ్బుతో తండ్రి, చంటిబిడ్డతో తల్లి, నేలమీద పిల్లలు. సాయంకాలము ఆ మనిషి సారా కొట్టునకు ఎందుకు పరుగెత్తుచున్నాడో జార్జికి అప్పుడు బోధపడెను. కూర్చుండుటకు చోటులేని యిల్లు మనిషిని బయటికి త్రోయుచున్నది. త్రాగవద్దని బోధించుట న్యాయమే. అయితే వాని యింటిని అట్లే విడిచిపెట్టి బోధించినచో ఆ బోధ సగమే యని ఆయన గ్రహించెను. బీదల యిండ్లలో తాను తిరిగియుండనిచో బోర్న్‌విల్ గ్రామము కట్టియుండెడివాడను కానని తరువాత ఆయనే చెప్పుకొనెను.

తోట మధ్య కర్మాగారము

వ్యాపారము పెరిగి పట్టణములోని కర్మాగారము చాలకపోయెను. ఇతరులు అట్టి సమయమున ప్రక్క వీధిలో మరియొక చీకటి కట్టడము కట్టుదురు. ఈ అన్నదమ్ములు 1878లో పట్టణమునకు దక్షిణముగా నాలుగు మైళ్ల దూరమున, బోర్న్ అను చిన్న వాగు ఒడ్డున, పదునాలుగున్నర ఎకరముల పొలము కొనిరి. మంచి నీరు, మంచి గాలి, ప్రక్కనే రైలుదారి, కాలువ. ఊరు వెలుపలికి పోయినవాడు చెడిపోవునని అనేకులు అనుకొనిరి. 1879లో కర్మాగారము తెరువబడెను. వాగు పేరు మీద ఆ చోటికి బోర్న్‌విల్ అని పేరు పెట్టిరి. ఆ నాడు అక్కడికి వచ్చిన పనివారు సుమారు 230 మంది.

ఆ కర్మాగారములో ఏమి యుండెను? విశాలమైన గదులు, వెలుతురు వచ్చు కిటికీలు. పనివారు తెచ్చుకొనిన అన్నము వేడిచేసికొనుటకు వంటగది. వానలో తడిసి వచ్చినవారు బట్టలు మార్చుకొని ఆరబెట్టుకొనుటకు వెచ్చని గది. మధ్యాహ్నము ఆడుకొనుటకు పురుషులకు ఒక మైదానము, స్త్రీలకు వేరొక తోట. పట్టణము నుండి వచ్చిపోవు పనివారికి రైలు కిరాయి తగ్గించుటకై యజమానులే రైలువారితో మాట్లాడిరి. పెద్ద పనివారి కొరకు పదునారు యిండ్లు కట్టించిరి.

వేడి అన్నము, పొడి బట్ట, కాస్త గాలి: ఇవి చిన్న సంగతులుగా తోచును. అయితే తడి బట్టలతో పది గంటలు నిలుచుండి పనిచేసిన స్త్రీని అడుగుడి, అది చిన్న సంగతియో కాదో ఆమె చెప్పును.

1899లో రిచర్డు యెరూషలేము యాత్రలో నుండగా జబ్బుచేసి అక్కడనే మరణించెను. జార్జి సంస్థకు పెద్దయై, తన కుమారులతోను అన్న కుమారులతోను కలిసి నడిపెను. అప్పటికి పనివారు రెండువేల అయిదువందలకు మించిరి. ఇరువదవ శతాబ్దపు తొలి ఏండ్లలో కర్మాగారమునకు సొంత వైద్యుడు, నర్సులు, దంతవైద్యుడు ఏర్పడిరి. ఈత కొలనులు త్రవ్వించిరి. చిన్న వయసు పనివారికి పని గంటలలోనే శరీర వ్యాయామము నేర్పించిరి, బడికి పంపిరి. వృద్ధాప్యమున పనివారు చేయి చాచకుండునట్లు 1906లో పురుషులకును, 1911లో స్త్రీలకును పింఛను నిధులు పెట్టిరి. 1918లో పనివారు ఎన్నుకొనినవారితో కూడిన సభలు ఏర్పడి, కర్మాగారపు సంగతులలో వారి మాటకును చోటు దొరికెను.

ఇందులో కొరతలు లేవని చెప్పను. పెండ్లియైన స్త్రీని పనిలో ఉంచుకొనెడివారు కారు. పెండ్లి కాగానే ఆమె పని మానవలెను. పనివారికి ఏది మంచిదో చాలకాలము యజమానులే నిర్ణయించిరి గాని వారిని అడుగలేదు. 1918 నాటి సభలు ముప్పది ఏండ్ల ముందే వచ్చియుండవలసినవి. తండ్రివలె చూచుట మంచిదే. అయితే పెరిగిన బిడ్డ మాట వినని తండ్రిని ఏమందుము?

గ్రామము కట్టుట

కర్మాగారము చుట్టునున్న భూమిని ఇండ్ల వర్తకులు కొని, మరల ఆ పాత యిరుకు యిండ్లనే కట్టుదురేమో యని జార్జికి భయము కలిగెను. 1893లో తన సొంత సొమ్ముతో 120 ఎకరములు కొనెను. 1895లో యిండ్లు కట్టుట మొదలాయెను. విలియం హార్వే అను యువకుడు ఆ యిండ్లలో అనేకమునకు నమూనాలు గీసెను. ప్రతి యింటికి పెరడు. కట్టడము ఆ స్థలములో నాలుగవ వంతునకు మించరాదు. అద్దెకు వచ్చువాడు చేరకముందే పెరడు త్రవ్వించి, పండ్ల చెట్లు నాటించి యుంచెడివారు. పగలంతయు గదిలో పనిచేసిన మనిషి సాయంకాలము మట్టిలో చేయి పెట్టినచో వాని ఒంటికిని మనస్సునకును ఆరోగ్యమని జార్జి నమ్మకము. కూరలు యింటికి కలిసి వచ్చును. సారా కొట్టు మాత్రము ఆ గ్రామములో పెట్టనియ్యలేదు.

ఇంకొక ముఖ్యమైన సంగతి గలదు. ఈ యిండ్లు తన పనివారికే యని ఆయన చెప్పలేదు. ఎవడైనను అద్దెకు తీసికొనవచ్చును. యజమానియే యింటివాడైనచో, పని పోయిన నాడు యిల్లును పోవును. అట్టివాడు నోరెత్తి న్యాయము అడుగజాలడు. ఇక్కడ ఆ భయము తగ్గెను.

1900లో జార్జి కాడ్‌బరీ ఆ గ్రామమంతయు, 330 ఎకరముల భూమియు 313 యిండ్లును, ఒక ధర్మకర్తల సంఘమునకు వ్రాసి యిచ్చెను. దాని వెల ఆనాడు సుమారు 1,70,000 పౌనులు. వచ్చు అద్దెతో మరిన్ని యిండ్లు కట్టవలెను గాని కాడ్‌బరీ కుటుంబమునకు ఒక్క కాసైనను పోరాదని పత్రములో వ్రాయించెను. ఆ సంఘము నేటికిని ఆ యిండ్లను చూచుకొనుచున్నది.

తన గేటు లోపలి పనివారితోనే ఆయన ఆగలేదు. ఆ దినములలో బీద స్త్రీలు యింటియొద్ద అగ్గిపెట్టెలు అంటించి, బట్టలు కుట్టి, పగలు రాత్రి పనిచేసినను అన్నమునకు చాలని కూలి పొందుచుండిరి. 1906లో జార్జి చేతిలో నున్న డెయిలీ న్యూస్ అను పత్రికవారు లండనులో అట్టి పనులను, వాటి కూలిని జనులకు కన్నుల ముందు చూపు ప్రదర్శన జరిపిరి. ఆ స్త్రీల కొరకు ఏర్పడిన సంఘమునకు జార్జి అధ్యక్షుడాయెను. 1909లో అట్టి కొన్ని పనులకు కనీసపు కూలి నిర్ణయించు చట్టము వచ్చెను.

కంటికి కనబడని కూలీలు

ఇంతవరకు విని, ఈయన మచ్చలేని యజమాని అని మీరనుకొనవచ్చును. ఇప్పుడు చెప్పునది జాగ్రత్తగా వినుడి.

బోర్న్‌విల్ తోటలో పూలు పూయుచుండగా, ఆ కర్మాగారమునకు వచ్చు కోకో గింజలు ఎక్కడ పండుచుండెను? వాటిలో పెద్ద భాగము ఆఫ్రికా పడమటి తీరమున పోర్చుగీసువారి వశముననున్న సావో తోమే, ప్రిన్సిపే అను ద్వీపముల నుండి వచ్చుచుండెను. అక్కడి తోటలలో పనిచేయుటకు అంగోలా దేశము నుండి మనుష్యులను పట్టి తెచ్చుచుండిరి. కాగితము మీద వారు ఒప్పందపు కూలీలు. నిజముగా చూచినచో, ఆ ద్వీపమునకు పోయినవాడు తిరిగి తన ఊరికి వచ్చుట లేదు. దానికి బానిసత్వమని గాక మరి యే పేరు పెట్టగలము?

1901లో జార్జి అన్న కుమారుడైన విలియం కాడ్‌బరీ చేతికి ఒక తోట అమ్మకపు ప్రకటన వచ్చెను. పశువులు, పనిముట్లతో పాటు 200 మంది కూలీలను కూడ ఆస్తి జాబితాలో వ్రాసి వెల కట్టియుండిరి. విలియం కలవరపడి విచారింపసాగెను. 1903లో పోర్చుగలు రాజధానికి పోయి అధికారులతో మాట్లాడెను. కూలీల చట్టమును సరిచేయుదుమని వారు మాట యిచ్చిరి. 1905లో జోసెఫ్ బర్ట్ అను వానిని కాడ్‌బరీలు ఆ ద్వీపములకును అంగోలాకును పంపిరి. ఆయన 1907లో తిరిగి వచ్చి, అక్కడ జరుగుచున్నది బానిసత్వమే యని నివేదించెను. నెవిన్సన్ అను పత్రికా రచయిత అంతకుముందే అక్కడ తిరిగి, ఆ సంగతినే పుస్తకముగా ప్రకటించెను. కాడ్‌బరీలు తమ ప్రభుత్వము పోర్చుగలుతో మాట్లాడవలెనని వేచియుండిరి. కొనుట మానినచో తమ మాటకు విలువ పోవునని, కొనుచునే ఒత్తిడి చేయుట మేలని వారు చెప్పుకొనిరి. చివరకు 1909 మార్చిలో ఆ కోకో కొనుట మానివేసిరి. మొదటి కాగితము చేతికి వచ్చి అప్పటికి ఎనిమిది సంవత్సరములు గడచినవి.

అంతకు కొన్ని నెలల ముందు, 1908లో, లండనులోని స్టాండర్డ్ పత్రిక ఈ సంగతిపై ఎత్తిపొడుపుగా వ్రాసెను. ఇంటి పనివారిని పూలలో పెట్టి, దూరపు పనివారి బానిస శ్రమతో ధనవంతులగుచున్నారని దాని భావము. కాడ్‌బరీలు పరువునష్టపు దావా వేసిరి. 1909 చివర బర్మింగ్‌హామ్‌లో విచారణ జరిగెను. జార్జియు సాక్ష్యమిచ్చెను. న్యాయసభవారు తీర్పు కాడ్‌బరీల పక్షముగానే చెప్పిరి. అయితే నష్టపరిహారముగా ఎంత యిచ్చిరో తెలియునా? ఒక్క ఫార్దింగు, అనగా పెన్నీలో నాలుగవ వంతు. మీరు గెలిచితిరి గాని మీ చేతులు పూర్తిగా శుభ్రముగా లేవని ఆ చిన్న నాణెము చెప్పినట్లుండెను.

ఈ సంగతి నన్ను చాల ఆలోచింపజేసినది. జార్జి కపటి కాడు. బీదవాని గదిలో కూర్చుండి వాని దగ్గు విన్నవాడు గనుకనే గ్రామము కట్టెను. అంగోలా కూలివాని దగ్గు ఆయన చెవిని పడలేదు. ఆ గుడిసె గడప ఆయన తొక్కలేదు. కన్ను చూచిన చోట ఆయన త్వరపడెను, కన్ను చూడని చోట ఉత్తరములు వ్రాయించుచు కాలము గడపెను. మన హృదయము కూడ అట్టిదే గదా? అయితే కోతవారికి బిగబట్టిన కూలి ఎంత దూరమున నున్నను దేవుని చెవికి చేరునని యాకోబు వ్రాసియున్నాడు. మనకు కనబడనివాడు ఆయనకు కనబడును.

చివరి దినములు

జార్జికి రెండు వివాహములలో పదునొకండు మంది పిల్లలు. 1903లో తాను పూర్వము నివసించిన వుడ్‌బ్రూక్ గృహమును క్వేకరుల బోధనాలయముగా నుండుటకు ఇచ్చెను. 1931 అక్టోబరులో మన గాంధీగారు ఇంగ్లండునకు పోయినప్పుడు ఆ గృహమును దర్శించిరి. ప్రతి వేసవిలో పట్టణపు యిరుకు వీధుల పిల్లలను వేలకొలది తన తోటలోనికి పిలిచి, ఆడించి, తిండి పెట్టి పంపుట ఆయనకు ఎంతో యిష్టము.

1922 అక్టోబరు 24న, తన ఎనుబది మూడవ యేట, ఆయన కన్నుమూసెను. బోర్న్‌విల్ గ్రామపు పచ్చికమీద జరిగిన కూడికకు వేలాది మంది పనివారును గ్రామస్థులును వచ్చిరి. ఆయన పెంచిన సంస్థ 2010లో విదేశపువారి చేతికి పోయెను. గ్రామము మాత్రము, పెరళ్లతోను చెట్లతోను, నిలిచియున్నది.

మన మాట యేమి?

మనలో కర్మాగారము గలవారు లేరు. అయినను రెండు ఎకరములు గలవాడు నాట్లనాడు నలుగురిని పిలుచును. ఆ దినమున అతడు యజమాని. బియ్యపు మిల్లు గలవాడు యజమాని. ఇటుక బట్టీ గలవాడు యజమాని. యింట అంట్లు తోముటకు ఒక అక్కను పెట్టుకొనిన ఉపాధ్యాయుడును యజమానియే. గుడి ఊడ్చి గంట కొట్టు మనిషికి సంఘమంతయు యజమాని.

1948లో మన దేశమందును ఫ్యాక్టరీ పనివారి క్షేమము కొరకు చట్టమును, వారి వైద్యము కొరకు బీమా చట్టమును వచ్చినవి. పొలములో వంగి నాటు వేయు ఆమెను ఆ చట్టములు తలంచలేదు. చట్టము చేరని చోటికి విశ్వాసి మనస్సాక్షి చేరవలెను.

క్రొత్త యిల్లు కట్టువాడు మిద్దె చుట్టు పిట్టగోడ పెట్టవలెనని ధర్మశాస్త్రము విధించినది. ఎవడైన పడిన తరువాత ఏడ్చుట కాదు, పడకముందే గోడ కట్టుట యింటివాని బాధ్యత. మన పొలములలో పిట్టగోడ యెక్కడ? మందు కొట్టు కుర్రవాని ముక్కుకు గుడ్డ యున్నదా? వాడు చేతులు కడుగుకొనుటకు నీళ్లును సబ్బును ఉన్నవా, లేక ఆ చేతులతోనే అన్నము తినుచున్నాడా? మిల్లులో తిరుగు పట్టాకు అడ్డు కట్టితిమా? వైశాఖపు ఎండలో పని వేళ మార్చితిమా?

బోయజు తన పొలములోనికి వచ్చి, కోతవారిని దేవుని పేరట పలుకరించెను. పరదేశియైన రూతును దాహమైనప్పుడు నీళ్లు త్రాగుమనెను, భోజనపు వేళ పిలిచి తనవారితో కూర్చుండబెట్టెను. నీళ్ల కుండ, నీడ, మంచి మాట. వీటికి ఎంత ఖర్చగును?

ఒక వేసవిలో నేను గృహ దర్శనమునకు పోవుచు, మన విశ్వాసి పొలము గట్టున చంటిబిడ్డను ఎండలో గోనెమీద పడుకొనబెట్టి తల్లి కలుపు తీయుట చూచితిని. ఆ రైతు ప్రతి ఆదివారము ముందు వరుసలో కూర్చుండు భక్తుడే. క్రూరుడు కాడు, చూడలేదు, అంతే. నేను చెప్పగా మరునాడే నాలుగు గుంజలు పాతి తాటాకుల పందిరి వేసెను. గంట పని. ఇన్ని ఏండ్లు తనకు ఎందుకు తోచలేదని ఆయనే నాతో అనెను. ఆ మాట నాకును తగిలెను. ఏలయనగా ఆ గట్టు మీదుగా నేనును ఎన్నో ఏండ్లు నడచితిని.

కాబట్టి ఈ నెలలో ప్రతి కుటుంబమువారు ఒక పని చేయవలెనని బ్రతిమాలుచున్నాను. మీ యొద్ద పనిచేయు మనిషి యింటికి ఒకసారి పొండి. పని చెప్పుటకు కాదు, కూర్చుండి మాట్లాడుటకు. ఆమె నడుము నొప్పి ఎప్పటి నుండియో, ఆయన దగ్గునకు మందు దొరికెనో లేదో అడుగుడి. జ్వరము వచ్చిన దినమున కూలి లేక ఆ యింట పొయ్యి వెలిగెనో లేదో తెలిసికొనుడి. తరువాత, మీ కంటికి కనబడని పనివారిని తలంచుకొనుడి. మీ మేస్త్రీ దూరము నుండి తెచ్చిన కోతవారు రాత్రి ఎక్కడ పడుకొనుచున్నారు? మీ యింటికి ఇటుక చేసినవారి పిల్లలు ఎక్కడ నున్నారు? మేస్త్రీని అడుగుడి అని ఊరకుండవద్దు. ఆ మాటతోనే ఎనిమిది సంవత్సరములు గడచిపోవును.

సాయంకాలపు కుటుంబ ప్రార్థనలో మీ పనివారి పేర్లు పెట్టి ప్రార్థింపుడి. పేరు తెలియనిచో, మరునాడు మొదట ఆ పేరు అడుగుడి.

ప్రార్థన: ప్రభువా, వడ్రంగి బల్ల యొద్ద చెమటోడ్చినవాడా, మా చేతి క్రింద పనిచేయువారిని మాకు చూపుము. మేము చూడనివారిని నీవు చూచుచున్నావని మాకు భయము కలుగజేయుము. వారి కూలిని, వారి దేహమును, వారి బిడ్డలను మేము లెక్కచేయునట్లు మా హృదయములను మెత్తపరచుము. ఆమేన్.